రైజ్డ్ యాక్సెస్ ఫ్లోరింగ్: స్లాబు పోయకముందే తేల్చుకోవలసిన విషయాలు

కృష్ణాతీరం (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. విజయవాడ శివార్లలో మా సంస్థ కోసం నాలుగంతస్తుల కార్యాలయ భవనం కట్టిస్తున్నాము. ఇతర సంస్థల జమాఖర్చులు చూసే పని మాది. ఒక్కో అంతస్తు సుమారు ఆరువేల చదరపు అడుగులు. అందులో ఎనభై నుంచి తొంభై మంది కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. మొదటి అంతస్తు స్లాబు పడింది, రెండవ అంతస్తుకు సెంట్రింగు సాగుతోంది.

ఇప్పుడున్న అద్దె కార్యాలయంలో తీగలన్నీ నేలలోపల స్క్రీడ్‌లో అంటే స్లాబు మీద పోసే సిమెంటు పొరలో, పూడ్చిన గొట్టాలలో ఉన్నాయి. గత తొమ్మిదేళ్లలో బల్లల వరుసలు నాలుగుసార్లు మార్చుకోవలసి వచ్చింది. ప్రతిసారీ నేలను మిషనుతో కోసి, గాడి కొట్టి, కొత్త గొట్టం వేసి, మళ్లీ సిమెంటు పూసి టైల్స్ అతికించారు. ఆ దుమ్ము వారాల తరబడి కీబోర్డుల సందుల్లో ఉండిపోయేది. అతికించిన టైల్స్ రంగు పాతవాటితో ఒక్కసారి కూడా కలవలేదు. అందుకే కొత్త భవనంలో రైజ్డ్ యాక్సెస్ ఫ్లోరింగ్, అంటే స్లాబు మీద ఖాళీ వదిలి పైన తీసి పెట్టగలిగే పలకలు పరిచే ఫాల్స్ ఫ్లోరింగ్, వేయిద్దామని నా ఆలోచన. అది సర్వర్ గదులకే గాని మామూలు కార్యాలయానికి దండగ అని మా కాంట్రాక్టరు గట్టిగా చెబుతున్నారు. అనుభవమున్నవారు దీనివల్ల నిజమైన ప్రయోజనాలేమిటో, ఎంత ఎత్తు పెట్టాలో, ఏ పొరపాట్లు చేయకూడదో చెప్పగలరని ప్రార్థన.

నేలపలక (హైదరాబాదు)

నేను పద్దెనిమిదేళ్లుగా ఈ పనే చేయిస్తున్నాను. ముందుగా కొత్తగా చదివేవారి కోసం దీని అమరిక చెబుతాను. స్లాబు మీద 600 మిల్లీమీటర్ల దూరంలో ఉక్కు పెడెస్టళ్లు నిలబెడతాము. వాటి తలల మధ్య స్ట్రింగర్లనే అడ్డ పట్టీలు బిగిస్తాము. వాటి మీద 600 మిల్లీమీటర్ల చదరపు పలకలు పేరుస్తాము. పలకల్లో ముఖ్యంగా వాడేవి ఉక్కు డొల్లలో సిమెంటు మిశ్రమం నింపినవి, కాల్షియం సల్ఫేటువి, చెక్కపొడి దిమ్మెలవి. కార్యాలయాలకు మొదటి రెండింటిలో ఒకటి తీసుకోవడం మేలు. చెక్కపొడి పలక తడి తగిలితే అంచుల వద్ద ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బిన పలక మళ్లీ తన చోట కూర్చోదు.

మీ కాంట్రాక్టరు గారి మాటకు కారణం ఉంది. 1950, 60 దశకాలలో పెద్ద కంప్యూటర్ల గదుల కోసమే ఈ పద్ధతి విస్తరించింది గనుక మనవాళ్లకు దీని పేరు చెప్పగానే సర్వర్ గదే గుర్తుకొస్తుంది. కానీ సర్వర్ గదిలో యంత్రాలు ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటాయి, మనుషులు కూర్చునే చోటు మాత్రం ఏడాదికో రెండేళ్లకో మారుతూనే ఉంటుంది. అలా చూస్తే నేల కింద చేయి పెట్టవలసిన అవసరం కార్యాలయానికే ఎక్కువ. మీరు నాలుగుసార్లు నేల కోయించానని రాశారు. ఈ నేల ఉండి ఉంటే ఆ నాలుగుసార్లూ ఇద్దరు మనుషులు సక్షన్ కప్పుతో పలకలు లేపి, ఫ్లోర్ బాక్సును (నేలలో ప్లగ్గులుండే పెట్టెను) పక్క గడిలోకి జరిపి, తీగను అటు లాగి, సాయంత్రానికి పలకలు మూసి వెళ్లిపోయేవారు.

ఎత్తు సంగతి. తీగల కోసం మాత్రమే అయితే స్లాబు నుంచి పలక పైభాగానికి 150 మిల్లీమీటర్లు చాలు. పలక మందం పోగా లోపల 110కి పైగా మిగులుతుంది; ఫ్లోర్ బాక్సు పట్టడానికీ దాని కింద తీగ విరగకుండా వంపు తిరగడానికీ అది సరిపోతుంది.

పునాది (వరంగల్)

నిర్మాణ ఇంజనీరుగా రెండు విషయాలు చెబుతాను.

మొదటిది బరువు. 50 మిల్లీమీటర్ల సిమెంటు స్క్రీడ్ చదరపు మీటరుకు వంద కిలోలు దాటుతుంది. దాని మీద టైల్స్, అంటించే మిశ్రమం కలిస్తే నూట ఇరవై అయిదు కిలోల దగ్గరకు వస్తుంది. 150 మిల్లీమీటర్ల ఎత్తు ఫాల్స్ ఫ్లోరింగ్ పలకలతో పెడెస్టళ్లతో కలిపి నలభై కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మీ ఆరువేల చదరపు అడుగులు సుమారు 557 చదరపు మీటర్లు. అంటే ఒక్కో అంతస్తు మీద నలభై అయిదు టన్నులకు పైగా శాశ్వత భారం తగ్గుతుంది. అయితే ఈ లెక్క చూసి స్లాబు మందం తగ్గించమని అడగకండి. రేపు ఎవరైనా ఆ పలకలు తీసేసి మామూలు స్క్రీడ్, గ్రానైటు వేయించుకున్నా భవనం తట్టుకోవాలి. తగ్గిన బరువు వల్ల మీకు దక్కేది అదనపు భద్రత అనుకోండి. కార్యాలయాలకు ఐఎస్ 875 (భవనాల మీద భారాల గురించిన భారత ప్రమాణం) రెండవ భాగం ప్రకారం ఫైళ్లకు విడిగా గది ఉంటే చదరపు మీటరుకు 2.5 కిలోన్యూటన్లు, లేకపోతే 4.0 కిలోన్యూటన్ల (ఒక కిలోన్యూటను అంటే సుమారు వంద కిలోల బరువు) ఉపయోగ భారం, అంటే మనుషుల, సామాను బరువు, తీసుకోవాలి. లెక్కల సంస్థ అంటున్నారు, కాగితాల బీరువాలు తప్పకుండా ఉంటాయి. మీ డిజైనులో ఏ అంకె తీసుకున్నారో ఇప్పుడే అడగండి.

రెండవది స్లాబు రకం. మీ స్లాబులు మామూలు ఆర్‌సీసీవా, పోస్ట్ టెన్షన్‌వా? పోస్ట్ టెన్షన్ స్లాబులో గట్టిగా లాగి బిగించిన ఉక్కు తీగలుంటాయి. పెడెస్టళ్ల కోసం అలాంటి స్లాబులో ఇష్టం వచ్చినట్టు డ్రిల్లు దించితే ఒక తీగ తెగే ప్రమాదం ఉంది, తెగితే దాన్ని సరిచేయడం చాలా పెద్ద పని. ఆ సందర్భంలో పెడెస్టళ్లను జిగురుతో అతికించే పద్ధతి ఎంచుకోవాలి.

రేఖాచిత్రం (విశాఖపట్నం)

కృష్ణాతీరం గారూ, సెంట్రింగు దశలో ఉండగా అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఆర్కిటెక్టుగా నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పలకల వల్ల వచ్చినవి కావు. భవనం పూర్తయ్యాక, లోపలి అలంకరణ సమయంలో ఫాల్స్ ఫ్లోరింగ్ గుర్తుకు రావడం వల్ల వచ్చినవి.

లిఫ్టు ముందు హాలు, మెట్లు, మరుగుదొడ్లు మామూలు పద్ధతిలోనే ఉంటాయి. అక్కడ స్లాబు మీద స్క్రీడ్, గ్రానైటు కలిపి 50 మిల్లీమీటర్లు వస్తుంది. కార్యాలయం లోపల పలక పైభాగం 150 దగ్గర ఉంటుంది. తలుపు దగ్గర తేడా 100 మిల్లీమీటర్లు. 1:12 వాలుతో ర్యాంపు పెడితే 1,200 మిల్లీమీటర్ల పొడవు కావాలి. అక్కడ ర్యాంపు పెట్టకుండా ఒక చిన్న మెట్టు పెట్టి సరిపెట్టుకునేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఒంటరి మెట్టు కంటికి ఆనదు. ఫైళ్లు పట్టుకుని నడిచే మనిషి అక్కడే పడతారు, చక్రాల కుర్చీలో వచ్చే ఉద్యోగి అక్కడే ఆగిపోతారు.

ఇంకా పోయని అంతస్తులకు చక్కని మార్గం ఉంది. కార్యాలయ భాగంలో స్లాబును లిఫ్టు హాలు స్లాబు కంటే 100 మిల్లీమీటర్లు దింపి పోయించండి. అప్పుడు పలకల పైభాగం, గ్రానైటు పైభాగం ఒకే మట్టానికి వస్తాయి. గడప దగ్గర అతుకు ఉన్నట్టు కూడా కాలికి తెలియదు. అయితే ఇది మేస్త్రితో నోటిమాటగా చెప్పే మార్పు కాదు. దిగిన చోట దూలం లోతు, కడ్డీల వంపు మారతాయి గనుక పునాది గారి వంటి ఇంజనీరు నుంచి కొత్త డ్రాయింగు తీసుకున్న తరువాతే కడ్డీ కట్టించాలి.

కిటికీలను మరువకండి. స్లాబు నుంచి లెక్కవేసి 900 మిల్లీమీటర్ల దగ్గర కిటికీ అడుగు పెట్టి, ఆపైన నేలను 150 లేపితే మనిషికి మిగిలేది 750 మాత్రమే. పై అంతస్తుల్లో అది ప్రాణాపాయం. కిటికీ అడుగు, తలుపు తల, స్విచ్‌బోర్డు, కటకటాల ఎత్తు అన్నీ పూర్తయిన నేల మట్టం నుంచి కొలవాలని డ్రాయింగు మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

కృష్ణాతీరం (విజయవాడ)

రేఖాచిత్రం గారూ, మీ సమాధానం చదివి వెంటనే సెంట్రింగు పని రెండు రోజులు ఆపమని చెప్పాను. మావి మామూలు ఆర్‌సీసీ స్లాబులే. కానీ మొదటి అంతస్తు అయిపోయింది కదా, దాని సంగతేమిటి? మరొక ప్రశ్న. నేలను ఎలాగూ లేపుతున్నాము గనుక ఏసీ గాలిని కూడా నేల కిందనుంచే పంపితే పైన డక్టుల (గాలి గొట్టాల) ఖర్చు తగ్గుతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఇది మనకు పనికి వస్తుందా?

శీతలగాలి (న్యూజెర్సీ)

నేను ఏసీ వ్యవస్థల డిజైను చేస్తాను. ఇక్కడికి రాకముందు ఏడేళ్లు హైదరాబాదులో పనిచేశాను. మీ మిత్రుడు చెప్పిన పద్ధతి మంచిదే, పెద్ద పెద్ద భవనాలలో ఉన్నదే. లండన్‌లో 1986లో ప్రారంభమైన లాయిడ్స్ భవనంలో గాలి నేల కిందనుంచే వస్తుంది. 2007లో పూర్తయిన న్యూయార్క్ టైమ్స్ భవనంలోనూ అంతే. ఆ రెండింటినీ మొదటి గీత నుంచే దీనికోసం ఆలోచించి కట్టారు.

పై డక్టుల పద్ధతిలో 12 నుంచి 14 డిగ్రీల చల్లని గాలిని మన తలల మీదుగా కిందికి నెట్టి గది మొత్తం కలుపుతాము. నేల కింద పద్ధతిలో 16 నుంచి 18 డిగ్రీల గాలిని పలకల్లోని రంధ్రాల ద్వారా మెల్లగా పైకి వదులుతాము. మనుషుల వేడి, కంప్యూటర్ల వేడి సహజంగానే పైకి లేచి కప్పు దగ్గర బయటకు పోతాయి. మనిషి కూర్చునే ఎత్తు వరకు చల్లగా ఉంటే చాలు, కప్పు కింద ఉన్న గాలినంతా చల్లబరచవలసిన పనిలేదు. గాలిని నెట్టడానికి తక్కువ పీడనం చాలు గనుక ఫ్యాన్ల విద్యుత్తు తగ్గుతుంది. తన బల్ల దగ్గరి గాలి మూతను ఎవరికి వారు తిప్పుకోవచ్చు. ఒకరికి చలి, పక్కవారికి ఉక్క అనే రోజువారీ తగాదా తీరుతుంది.

మరి విజయవాడకు? ఇక్కడే ఆగి ఆలోచించాలి. కృష్ణా డెల్టాలో గాలి తేమ ఎక్కువ. గాలిని 17 డిగ్రీల దగ్గర ఆపితే తేమ సరిగా పోదు. ముందు 12, 13 డిగ్రీల దాకా చల్లబరచి నీరు రాల్చి, తరువాత గదినుంచి తిరిగివచ్చిన గాలిని కొంత కలిపి 17కు తేవాలి. అందుకు తగిన యంత్రం, తగిన నియంత్రణ కావాలి. అది లేకుండా చేస్తే జూలై ఆగస్టు నెలల్లో గది చల్లగానే ఉంటుంది గాని చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, కాగితాలు మెత్తబడతాయి. పైగా నేల ఎత్తు 150 చాలదు, 300 నుంచి 450 మిల్లీమీటర్లు కావాలి. గోడల మొదట్లో, తీగల రంధ్రాల దగ్గర సందులున్నా గాలి కారిపోతుంది. నాలుగంతస్తుల భవనానికి, ఈ పనిలో చేయి తిరిగిన బృందం దగ్గర లేనప్పుడు, నేను సలహా ఇవ్వను. నేలను తీగలకు ఉంచి, ఏసీని పైనుంచే పెట్టుకోండి.

సూటిమాట (గుంటూరు)

అందరూ ఒకే వైపు చెబుతున్నారు గనుక రెండవ వైపు నేను చెబుతాను. ఎనభై మంది వరుసల్లో కూర్చునే కార్యాలయంలో గోడల వెంబడి ట్రంకింగు (తీగలు దాచే పెట్టె పట్టీలు), అక్కడక్కడా స్తంభాల నుంచి, కప్పు నుంచి దించిన పవర్ పోళ్లు (ప్లగ్గులుండే నిలువు గొట్టాలు) సరిపోతాయి. ల్యాప్‌టాప్‌లు, వైఫై వచ్చాక బల్లకు కావలసింది ఒక ప్లగ్గు మాత్రమే. ఇంత డబ్బు నేల మీద పరిచే బదులు మంచి కుర్చీలు, మంచి వెలుతురు మీద పెడితే ఉద్యోగులు సుఖపడతారు. నాలుగుసార్లు నేల కోసిన ఖర్చు అంతా కలిపినా ఫాల్స్ ఫ్లోరింగ్ ఖర్చులో ఎన్నో వంతు అవుతుందో లెక్క వేశారా?

నిర్వహణ (హైదరాబాదు, రాయదుర్గం)

సూటిమాట గారి ప్రశ్న న్యాయమైనది, అందుకే నా ఉద్యోగంలో చూసినదాన్ని పెడుతున్నాను. నేను భవన నిర్వహణ చూస్తాను. మా దగ్గర ఒకే భవనంలో రెండు రకాల అంతస్తులూ ఉన్నాయి.

ఒక సంవత్సరం మార్చి నెలలో రెండు విభాగాలను కలిపేయాలని నిర్ణయం వచ్చింది. అరవై బల్లలు జరపాలి. ఫాల్స్ ఫ్లోరింగ్ ఉన్న అంతస్తులో శుక్రవారం రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టాము. పలకలు లేపినవారు ఒక్కో పలక వెనుక సుద్దముక్కతో వరుస, సంఖ్య రాసి గోడకు చేర్చారు. ఎలక్ట్రీషియన్లు ఫ్లోర్ బాక్సులు ఉన్న పలకలనే ఎత్తి కొత్త గడుల్లో పెట్టారు, అక్కడి మామూలు పలకలను పాత గడుల్లోకి తెచ్చారు. ఆదివారం మధ్యాహ్నానికి ప్రతి ప్లగ్గూ పరీక్షించాము. సోమవారం ఉదయం వచ్చినవారికి మారిన బల్లలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. కింది అంతస్తు మామూలు టైల్స్‌ది. అక్కడ అందులో సగం మార్పుకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ నలభై మందిని మరోచోట కూర్చోబెట్టవలసి వచ్చింది. నేల కోసిన బిల్లు చిన్నదే. నలభై మంది మూడు వారాల అసౌకర్యం ఏ బిల్లులోనూ కనబడదు.

వైఫై వచ్చిన మాట నిజం. కానీ లెక్కల పని చేసేవారికి రెండేసి మానిటర్లు, వాటికి ప్లగ్గులు, స్కానర్లు, ప్రింటర్లు తప్పవు. ఆ వైఫై పెట్టెలకు కూడా తీగే కావాలి.

అయితే ఒక మాట మనసు నొప్పితోనే చెబుతున్నాను. నేల కింద కనబడదు గదా అని అందరూ అందులోకి తోసేస్తారు. నేను బాధ్యత తీసుకున్న కొత్తలో ఒక మూల పలక లేపి చూస్తే, ఎవరికీ పనికిరాని పాత తీగలు జడలు కట్టి పెడెస్టళ్ల చుట్టూ చుట్టుకుని ఉన్నాయి. వాటి మధ్య టీ కప్పులు, స్లాబు మీద వేలు పెడితే బూడిదలా అంటుకునే సిమెంటు దుమ్ము. ఒక నీలం తీగ పైతొడుగు ఎలుక కొరికినట్టు నాలుగు అంగుళాల మేర లేచిపోయి లోపలి రాగి మెరుస్తోంది. అప్పటినుంచి మూడు నియమాలు పెట్టాము. పాత తీగ తీయకుండా కొత్త తీగ వేయకూడదు. గోడలోకి, షాఫ్టులోకి వెళ్లే ప్రతి రంధ్రాన్నీ ఎలుక దూరకుండా మూయాలి. ఆరు నెలలకొకసారి వరుసల వారీగా పలకలు లేపి వాక్యూమ్ చేయాలి. కృష్ణాతీరం గారూ, పెడెస్టళ్లు నిలబెట్టకముందే స్లాబుకు దుమ్ము లేవకుండా ఎపాక్సీ పూత వేయించండి. తరువాత వేయించడం కుదరదు.

సర్వర్‌గది (హైదరాబాదు)

మీ భవనంలో చిన్న సర్వర్ గది ఒకటి తప్పకుండా ఉంటుంది, దాని గురించి రాస్తాను.

అక్కడ బరువులు వేరు. సర్వర్లు పేర్చే ర్యాకు (ఉక్కు అలమర) నిండుగా ఉంటే వెయ్యి కిలోలు తూగుతుంది అనుకుందాం. నాలుగు చక్రాల మీద పంచితే ఒక్కో చక్రం కింద 250 కిలోలు, అంటే దాదాపు 2.5 కిలోన్యూటన్లు. పక్కపక్క ర్యాకుల చక్రాలు రెండు ఒకే పలక మీద పడితే 5 అవుతుంది. యూరోపు ప్రమాణం ఈఎన్ 12825లో పలకలను 25 మిల్లీమీటర్ల చదరపు దిమ్మెతో నొక్కి, విరిగే బలాన్ని బట్టి 1 నుంచి 6 తరగతులుగా విభజించారు. మొదటి తరగతికి 4 కిలోన్యూటన్లు, మూడవదానికి 8, ఆరవదానికి 12. అది విరిగే బలం. భద్రత కోసం దాన్ని రెండుతో భాగించినదే రోజూ మోపదగిన బరువు. అమ్మకందారు పెద్ద అంకె చూపిస్తే అది ఏ బలమో అడిగి తెలుసుకోండి. యూపీఎస్ వంటి బరువైన యంత్రాలను ట్రాలీ మీద దొర్లించేటప్పుడు పలకల మీద మందపాటి ప్లైవుడ్ పరవండి. నిలకడగా ఉన్న బరువును మోసే పలక దొర్లే చక్రానికి సొట్టపడుతుంది.

అతి తక్కువ మందికి తెలిసిన విషయం ఒకటి. ఎలక్ట్రోప్లేటింగ్ పద్ధతిలో జింకు పూసిన పాత పలకల అడుగున, పెడెస్టళ్ల మీద ఏళ్లు గడిచేకొద్దీ జింకు నూగు మొలుస్తుంది. వెంట్రుక కంటే సన్నని లోహపు పోగులవి. పలక లేపినప్పుడు తెగి గాలిలో కలిసి సర్వర్లలోకి చేరితే షార్ట్ సర్క్యూట్లు అవుతాయి. కారణం తెలియక యంత్రాలు మార్చుకుంటూ పోయిన చోట్లు ఉన్నాయి. పౌడర్ కోటింగు ఉన్నవి, లేదా వేడి జింకులో ముంచి తీసినవి అడగండి. పెడెస్టళ్లను రాగి తీగతో కలిపి ఎర్తింగు చేయించండి, పలకల మీద యాంటీ స్టాటిక్ లామినేట్ వేయించండి.

ఇప్పటి పెద్ద డేటా సెంటర్లు చాలావరకు ఫాల్స్ ఫ్లోరింగ్ మానేసి నేరుగా స్లాబు మీదే ర్యాకులు పెడుతున్నాయి. వేడి గాలి వరుసలను మూసివేసి చల్లగాలిని గది మొత్తానికి వదిలే పద్ధతి వచ్చాక, ర్యాకుల బరువు, వేడి మరీ పెరిగాక నేల కిందనుంచి గాలి పంపవలసిన అవసరం తగ్గింది. అంటే దేనికోసం పుట్టిందో అక్కడ ఈ నేల వెనక్కి తగ్గుతోంది, కార్యాలయాల్లో మాత్రం దాని అవసరం అలాగే ఉంది.

పునాది (వరంగల్)

పుట్టుక మాట వచ్చింది గనుక ఒక చిన్న ముచ్చట. స్తంభాల మీద నేలను నిలబెట్టి కింద ఖాళీని వాడుకోవడం రోమన్ల స్నానశాలలనాటిది. ఇటుక స్తంభాలు రెండడుగుల ఎత్తు నిలిపి, పైన రెండడుగుల చదరపు బిల్లలు పరచి, కింద వేడిగాలి నడిపించాలని రెండు వేల ఏళ్ల కిందట రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాశాడు. ఆ రోమన్ రెండడుగుల బిల్ల మన కొలతలో సుమారు 590 మిల్లీమీటర్లు. మన పలక 600. ఒక మనిషి వంగి ఎత్తగలిగిన పలక కొలత ఇన్ని శతాబ్దాల్లోనూ పెద్దగా మారలేదని నాకు అనిపిస్తుంది.

రేఖాచిత్రం (విశాఖపట్నం)

గోడల విషయం ఎవరూ రాయలేదు. సమావేశ గదుల పార్టిషన్లను పలకల మీదే నిలబెడితే రేపు గదిని జరపడం సులభం. కానీ లోపలి మాటలు నేల కింద ఖాళీ గుండా పక్క గదిలోకి వినిపిస్తాయి. జీతాల గురించి మాట్లాడే గది అయితే ఆ గోడ కింద పెడెస్టళ్ల మధ్య మందపాటి రాక్‌వూల్ (రాతి నార) అడ్డం పెట్టించండి. అగ్నిని ఆపవలసిన గోడ అయితే మరో ఆలోచన లేదు, స్లాబు నుంచి పై స్లాబు వరకు కట్టాలి, దాన్ని పలకల మీద నిలబెట్టకూడదు. నేల కింద వేసే తీగలు పొగ తక్కువ వచ్చే రకానివే కావాలి. సర్వర్ గదిలో నేల కింద కూడా పొగను పసిగట్టే సెన్సర్లు, నీరు చేరితే తెలిపే తీగ పెట్టించాలి.

మీ మొదటి అంతస్తుకు నా సలహా ఇది. ర్యాంపును లోపలి వైపు, తలుపు దాటిన తరువాత పెట్టండి. తలుపుకు, ర్యాంపుకు మధ్య చక్రాల కుర్చీ ఆగి తిరిగేంత సమతలం వదలండి. కొంచెం చోటు పోతుంది, పోనివ్వండి.

సూటిమాట (గుంటూరు)

నిర్వహణ గారి అనుభవం చదివాక నా అభిప్రాయం కొంత మార్చుకుంటున్నాను. మూడు వారాలు మనుషులను వేరేచోట కూర్చోబెట్టడం నా లెక్కలో లేదు. అయినా ఏళ్ల తరబడి బల్లలు జరపని చిన్న కార్యాలయానికి ఇది అవసరం లేదన్న మాటను మాత్రం వదులుకోను.

నేలపలక (హైదరాబాదు)

ఆ మాటతో నేనూ ఏకీభవిస్తాను. పాతికమంది ఉన్న చోట్ల టైల్స్ వేసుకోమని నేనే చెప్పి పంపిన సందర్భాలు ఉన్నాయి.

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మా నిర్మాణ ఇంజనీరు, ఆర్కిటెక్టు, కాంట్రాక్టరు ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి ఈ చర్చ మొత్తం చదివించాను. రెండు, మూడు, నాలుగు అంతస్తుల్లో కార్యాలయ భాగం స్లాబు 100 మిల్లీమీటర్లు దింపడానికి కొత్త డ్రాయింగు వచ్చింది. దూలాల కడ్డీ మళ్లీ కడుతున్నారు. అందువల్ల తొమ్మిది రోజులు ఆలస్యమవుతుంది. కిటికీల అడుగు కూడా పైకి జరిగింది. మొదటి అంతస్తులో ర్యాంపు పెడతాము. శిక్షణ గది, భోజనశాల, పాత కాగితాల గది అక్కడికే మార్చాము గనుక అందులో సగభాగానికే ఫాల్స్ ఫ్లోరింగ్ వేస్తే చాలు. బీరువాల బరువు ఇంజనీరు గారు 4.0 కిలోన్యూటన్ల కింద లెక్క చూపించారు. ఏసీ పైనుంచే.

చివరిగా నేలపలక గారికి రెండు ప్రశ్నలు. పని పూర్తయ్యాక అది సరిగా జరిగిందో లేదో నా వంటి సామాన్యుడు ఎలా పరీక్షించగలడు? అదనపు పలకలు ఎన్ని తీసి ఉంచాలి?

నేలపలక (హైదరాబాదు)

పరీక్షకు పెద్ద పరికరాలు అక్కరలేదు. గట్టి మడమ ఉన్న చెప్పులు వేసుకుని ప్రతి వరుసా నెమ్మదిగా నడవండి. సరిగా కూర్చున్న పలక నిండుగా మోగుతుంది. కూర్చోని పలక మూల మీద కాలు వేయగానే టక్కుమని చిన్న చప్పుడు చేసి, రెండవ మూల మీద వేస్తే మళ్లీ టక్కుమంటుంది. ఆ పలక మీద సుద్దతో గుర్తు పెట్టండి. దాని కింద నాలుగు పెడెస్టళ్లలో ఒకటి అర మిల్లీమీటరు దిగి ఉంటుంది. మా కుర్రాడు పలక తీసి, లేజర్ గీతను చూసుకుంటూ తలకింది నట్టు పావుచుట్టు తిప్పి, లాక్‌నట్టు బిగించి మళ్లీ మూస్తాడు. పలక కింద కాగితం మడిచి పెట్టి చప్పుడు ఆపే ప్రయత్నం ఎవరైనా చేస్తే ఒప్పుకోకండి. తరువాత ఏవైనా పది పలకలను మీరే ఎంచి లేపించండి. కింద సిమెంటు ముక్కలు, కోసిన పలకల పొడి కనబడితే చివరి బిల్లు ఆపండి. గోడ పక్కన కోసిన పలకలకు తప్పకుండా అదనపు పెడెస్టల్ ఉందో లేదో చూడండి, చాలామంది అక్కడే మిగుల్చుకుంటారు.

మీ పూర్తి అంతస్తుకు దాదాపు 1,550 పలకలు పడతాయి. నూటికి రెండు చొప్పున ఒక్కో అంతస్తుకు ముప్పై పలకలు, వాటితోపాటు డజను పెడెస్టళ్లు, రెండు సక్షన్ కప్పులు కొని ఉంచండి. అదే తయారీలో, అదే బ్యాచిలో తీసుకోండి. ఆరేళ్ల తరువాత అడిగితే ఆ లామినేట్ రంగు దొరకకపోవచ్చు. పలకలను పడుకోబెట్టి పేర్చండి, గోడకు ఆనించి నిలబెడితే అంచులు దెబ్బతింటాయి. సక్షన్ కప్పుల్లో ఒకటి సెక్యూరిటీ గదిలో తాళం వేసి ఉంచండి; రాత్రి పదకొండింటికి నేల కింద నీరు చేరిందని సెన్సరు మోగినప్పుడు వెతుక్కునే వస్తువు అదే.